పడవ దింపే ముందు చూడవలసిన తెర

ముప్పై ఏళ్లకు పైగా సముద్రం అడుగుకు పటాలు గీశాను. ఆ అడుగును ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు. నాకు ఈత కూడా రాదు. తాండూరులో పుట్టి వికారాబాద్‌లో ఇల్లు కట్టుకున్నవాడికి సముద్రంతో పనేమిటని బంధువులు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు.

ఈ పనిలో చేరబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, కమిటీలు ఇందులో ఉండవు. ఒక్క ప్రయాణం గురించే రాస్తాను. దానికి కారణం ఉంది. ఓడ మీది నుంచి చిన్న పడవను నీళ్లలోకి దింపే ముందు చూసుకోవలసిన విషయాల జాబితా ఒకటి ఉంటుంది. అందులో ఉండవలసిన ఒక వరుస చాలా ఏళ్లు లేకుండా పోయింది. లేకపోవడానికి కారణం నేను. నా పాత సహోద్యోగి కూతురు ఈ మధ్య అదే జాబితా చేతపట్టుకుని అలాంటి నీళ్ల మీదికే బయలుదేరింది.

మా పని ఏమిటంటే

సముద్రం అడుగున కొండలున్నాయి. వాటిలో చాలావరకు అగ్నిపర్వతాలు. కొన్ని చల్లారినవి, కొన్ని ఇంకా రగులుతున్నవి. మా అనంతగిరి గుట్టల కింద ఉన్న నల్లరాయి కూడా ఒకప్పుడు కారిన లావాయే. దాని మీద పొద్దున్నే నడకకు పోవచ్చు. సముద్రంలో ఉన్నదాని మీదికి మనిషి పోలేడు కాబట్టి ఒక యంత్రాన్ని పంపుతాం. నిలువుగా నించోబెడితే మనిషికి మూడింతలు ఉంటుంది. పసుపు రంగు, గుండ్రటి ముక్కు, తోక దగ్గర నీళ్లను తోసే రెక్కల చక్రం ఒకటి. దానికి తాడు ఉండదు, తీగ ఉండదు. లోపల మనిషి ఉండడు. ఎక్కడికి పోవాలో, ఎంత లోతున పోవాలో, ఎక్కడ మలుపు తిరగాలో ముందే రాసి దాని బుర్రలో పెడతాం. ఆ దారి రాసే పని నాది.

అది దున్నే ఎడ్ల మాదిరిగా ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి వరుసలు తిరుగుతూ కిందికి శబ్దం వదులుతుంది. ఆ శబ్దం రాయికి తగిలి ఎంతసేపటికి తిరిగి వచ్చిందో రాసుకుంటుంది. వాటన్నిటినీ కలిపితే పటం అవుతుంది.

నీళ్లలోకి పోయాక దానితో మాట్లాడడం కుదరదు. రేడియో నీళ్లలో పనిచేయదు. కొన్ని నిమిషాలకోసారి 'ఇక్కడున్నాను, ఇంత లోతున ఉన్నాను' అని ఒక చిన్న శబ్దం మాత్రం పంపుతుంది. మా గదిలో దానికి ఒక టిక్కుమన్న చప్పుడు వినిపిస్తుంది. ఈ ఉద్యోగంలో భయమంటే తుఫాను కాదు. రావలసిన టిక్కు రాకపోవడం. మొదటి నిమిషం ఎవరూ పట్టించుకోరు. రెండో నిమిషం అందరూ గడియారం వైపు చూస్తారు, ఒకరి మొహం ఒకరు చూడరు. మూడో నిమిషంలో ఎవరో ఒకరు జోకు వేస్తారు. ఎవరూ నవ్వరు.

నాకు చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటుంది. ఉద్యోగంలో చేరాక ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎడమ పేజీలో జరిగినవి, కుడి పేజీలో అనుమానాలు. జేబులో పట్టే డైరీ ఎప్పుడూ నాతోనే ఉండేది. నేను చాలా జాగ్రత్త గల మనిషినని తోటివాళ్లు మెచ్చుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఏసుదాసు బర్రె

ఆ యంత్రాన్ని నీళ్లలోకి దింపడం, తేలాక పట్టి తేవడం ఏసుదాసు పని. నవాబుపేట మనిషి. ఊళ్లో వ్యవసాయ బావిలో దూకి దూకి ఈత నేర్చుకున్నాడు. మా సంస్థలో హెల్పరుగా చేరి, చూసి చూసి పని పట్టి, ఓడ మీద అతను లేకపోతే యంత్రం దింపరు అనే దాకా వచ్చాడు. ఓడంతా ఇంగ్లీషు, హిందీ మాట్లాడుతుంటే మేమిద్దరం మా భాష మాట్లాడుకునేవాళ్లం.

ఆ యంత్రానికి కాగితాల మీద పెద్ద పేరుంది. ఏసుదాసు మాత్రం దాన్ని బర్రె అనేవాడు.

"పొద్దుగాల నీళ్లల్ల వడ్తది, కడుపు నిండినంక అదే ఇంటికొస్తది. బర్రె గాకపోతే ఏంది సార్?"

"పసుపు రంగు బర్రెను యాడ చూసినవయ్యా?"

"మీరు సముద్రం కింద గుట్టలు జూసిండ్రా? అయినా పటం గీస్తలేరా? గట్లనే."

మా నాయకుడు మూర్తిగారు కోస్తా మనిషి. పెద్ద చదువు, గట్టి గొంతు, తొందర ఎక్కువ. ఓడకు రోజుకు ఎంత ఖర్చవుతుందో ఆయనకు నిద్రలో కూడా గుర్తుండేది. కింది వాళ్ల మీద కేకలు వేసేవారు, పై వాళ్లకు మాత్రం మమ్మల్ని ఎప్పుడూ అప్పగించలేదు. అలాంటి అధికారులు తక్కువమంది ఉంటారు. ఇది ఆయన గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే తరువాత జరిగిందానికి మాట పడింది ఆయనే.

తాండూరువాడి పొరపాటు

నేను రిటైరు కావడానికి నాలుగేళ్ల ముందు సంగతి. అండమాన్ సముద్రంలో ఒక అగ్నిపర్వతం మీద పని. దాని శిఖరం నీటి మట్టానికి మరీ లోతులో లేదు. వాలు మాత్రం లోతుకు దిగిపోతుంది. ఓడ మీది నుంచి తీసిన ముతక పటంలో పడమటి వాలు మీద ఒక చోటు నున్నగా, సమతలంగా కనిపించింది.

చుట్టూ గుండ్రాళ్లు, పగుళ్లు, గోడలు. మధ్యలో ఆ చదును చూడగానే నా ప్రాణం కుదుటపడింది. మా నాన్న తాండూరు నాపరాయి గనుల్లో పనిచేసినవాడు. నేను పుట్టింది, ఆడుకుంది చదునైన రాయి మీద. మా ఊళ్లో చదునుగా ఉందంటే కింద పొర మీద పొరగా గట్టిరాయి ఉందని అర్థం. ఇల్లు కట్టొచ్చు, లారీ నిలపొచ్చు. నాకు తెలియకుండానే ఆ నమ్మకం నా లోపల ఉండిపోయింది.

మూర్తిగారికి పటం ఇంకా సన్నంగా కావాలి. అంటే యంత్రం అడుగుకు ఇంకా దగ్గరగా పోవాలి.

"ఆ చదును మీద ముప్పై మీటర్ల ఎత్తున తిప్పుతాను సార్. మలుపులన్నీ అక్కడే పెడతాను. భయం లేదు," అన్నాను.

"తాండూరు నుంచి వచ్చి సముద్రానికి కూడా బండలు పరుస్తావేమిటయ్యా?" అని నవ్వారు మూర్తిగారు. "సరే, నీ మాట మీదే పంపుతున్నాను."

లావా చదును వేరని అప్పటికి పుస్తకాల్లో చదివే ఉన్నాను. చదవడం వేరు, ఒంటికి పట్టడం వేరు. లావా గుంటలో నిలిచి పైన గట్టి పడుతుంది, పాల మీద మీగడ కట్టినట్టు. కింద ఇంకా మరుగుతున్నది పక్కకు కారిపోతుంది. మిగిలేది పైకప్పు మాత్రమే. అక్కడక్కడ ఆ కప్పు కూలి గుంతలు పడతాయి. ముతక పటంలో ఆ గుంతలు కనిపించవు.

యంత్రానికి మేం చెప్పింది ఒక్కటే. అడుగుకు ముప్పై మీటర్ల ఎత్తున ఉండు. అది నమ్మకస్తురాలు. గుంత మీదికి రాగానే అడుగు లోతుకు పోయిందనుకుని తనూ దిగింది. ఎదురుగా గోడ వచ్చింది. పక్కకు తిరిగి, మీగడ లాంటి ఆ కప్పు కిందికి పోయింది. ఇదంతా తరువాత దాని జ్ఞాపకంలోంచి తీసి చూస్తే తెలిసింది. ఆ రోజు మాకు తెలిసింది ఒక్కటే. మధ్యాహ్నం నుంచి టిక్కు రాలేదు.

సాయంత్రం దాకా గదిలో ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. చివరికి మూర్తిగారు నా వైపు తిరిగి చాలా మెల్లగా అన్నారు.

"చదును అన్నావు కదయ్యా."

ఆయన కేకలు వేసి ఉంటే బాగుండేది. ఆ మెల్లటి మాట రాత్రంతా నా చెవిలో ఉంది. అందరిముందూ ఒకసారి తప్పు చెప్పినవాణ్ణి. మర్నాడు నా నోరు ఎందుకు పడిపోయిందో చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను, నన్ను నేను వెనకేసుకు రావడానికి కాదు.

పొద్దున తొమ్మిది నలభై

యంత్రానికి చివరి ఆశ ఒకటి ఉంటుంది. పొట్ట కింద ఒక ఇనుప బరువు కట్టి ఉంటుంది. నీళ్లలోకి దిగి ఒక రోజు గడిచాక ఆ బరువు దానంతటదే ఊడిపోతుంది. తేలికై యంత్రం పైకి రావాలి, పైన కప్పు లేకపోతే. మర్నాడు పొద్దున ఆ సమయం దగ్గరపడుతుంటే ఓడ నెమ్మదిగా ఆ చుట్టుపక్కల తిరుగుతూ ఉంది. అందరూ బయట రెయిలింగు పట్టుకుని సముద్రం వైపే చూస్తున్నారు. గదిలో ఎకో తెర ముందు నేనొక్కణ్ణే ఉన్నాను. ఓడ కింద నీళ్లలో ఏముందో చూపే తెర అది.

శిఖరం మీదుగా పోతున్నప్పుడు తెర మీద ఒక నిలువు గీత లేచింది. అడుగు నుంచి మొదలై సన్నగా, పొగలా, దాదాపు పైదాకా. చేపల గుంపు అడ్డంగా మబ్బులా కనిపిస్తుంది. ఇది నిలువుగా ఉంది. అర నిమిషంలో ఓడ దాటిపోయింది. గీత తెర అంచుకు జరిగి మాయమైంది.

గ్యాసు కావచ్చు. శిఖరం ఊపిరి వదులుతూ ఉండవచ్చు. లేచి తలుపు దాకా వెళ్లాను. బయట మూర్తిగారి వీపు కనిపించింది. 'నిన్న చదును అన్నాడు, ఇవాళ గ్యాసు అంటున్నాడు' అంటారేమో అనిపించింది. వెనక్కి వచ్చి డైరీ తీసి కుడి పేజీలో రాశాను. ఆ వాక్యాలు ఇప్పుడు కూడా నా ముందున్నాయి.

"9.40. శిఖరం మీద నిలువు గీత. దాదాపు పైదాకా. చేపలా? గ్యాసా? మళ్లీ ఆ దారిన పోయినప్పుడు చూడాలి."

రాశాక మనసు తేలికపడింది. ఆ తేలికదనాన్ని మీరెప్పుడూ నమ్మకండి. రాసుకోగానే పని అయిపోయినట్టు అనిపిస్తుంది. నా అనుమానం నా జేబులో భద్రంగా ఉంది. అది తెలియవలసిన వాళ్లు బయట రెయిలింగు దగ్గర ఉన్నారు.

పదకొండు నిమిషాలు

పదకొండు దాటాక తేలిన యంత్రం సంకేతం మోగింది. కప్పు కూలిన గుంత ఒకటి దానికి పైకి దారి ఇచ్చిందని తరువాత తెలిసింది. ఓడంతా ఒక్క కేక. ఎప్పుడూ నవ్వని కెప్టెన్ కూడా నవ్వాడు. పటం మీద యంత్రం చోటు గుర్తుపెట్టింది నేనే. పెన్సిలు శిఖరానికి ఆనుకుని ఆగింది. తేలిన దగ్గర నుంచి ప్రవాహం యంత్రాన్ని అటే తోస్తోంది.

"పడవ దింపండి," అన్నారు మూర్తిగారు. జాబితా చదివారు. రక్షక కోట్లు ఉన్నాయి. వాకీటాకీ ఉంది. కొక్కెం ఉంది. గాలి లేదు, అల లేదు. అన్నిటికీ టిక్కు పడింది. ఎకో తెర సంగతి ఆ జాబితాలో లేదు.

పెన్సిలు పడేసి బయటికి పరిగెత్తాను. ఏసుదాసు తాడు నిచ్చెన మీద సగం దిగి ఉన్నాడు. నన్ను చూసి తల పైకెత్తాడు.

"ఏంది సార్, గట్ల ఉరికొస్తున్నరు? బర్రె ఇల్లు చేరింది. ఫికర్ వెట్టుకోకుండ్రి. నేనొచ్చేటాలకు జర మంచిగ చాయ్ వెట్టియ్యుండ్రి."

నా నోట్లో మాట ఉంది. 'ఆగు, నీళ్లలో గ్యాసుందేమో' అనాలి. ఐదు మాటలు కూడా కావు. పక్కనే మూర్తిగారు నిలబడి ఉన్నారు. నేనన్న మాట ఇది.

"జాగ్రత్త."

జాగ్రత్త అన్నంత పనికిమాలిన మాట మన భాషలో లేదు. అన్నవాడికి బాధ్యత తీరుతుంది, విన్నవాడికి ఏమీ తెలియదు.

పడవలో ముగ్గురు వెళ్లారు. వెనక నడిపేవాడు, మధ్యలో ఒక నావికుడు, ముందు ఏసుదాసు. సముద్రం పాలిష్ పట్టిన రాయిలా నున్నగా ఉంది. ఆ నునుపు చూసి అందరూ మంచి రోజన్నారు. నేను మాత్రం గాలి కోసం చూశాను. గాలి ఉంటే గ్యాసు చెదిరిపోతుంది. లేకపోతే నీటి మీద దుప్పటిలా పరుచుకుంటుంది.

యంత్రం దగ్గరికి పోయేసరికి పడవ చుట్టూ నీళ్ల రంగు మారింది. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబారింది. వాకీటాకీలో నడిపేవాడి గొంతు వినిపించింది. కుళ్లిన గుడ్ల కంపు కొడుతోందన్నాడు. అప్పటికే ఏసుదాసు పడవ అంచు మీద బోర్లా పడుకుని, మొహం నీటికి జానెడు ఎత్తున పెట్టి, యంత్రం ముక్కుకున్న కడియంలో కొక్కెం వేస్తున్నాడు. అతనెప్పుడూ అలాగే వేసేవాడు. బర్రె మెడలో తాడు వేసినట్టు, దగ్గరగా.

కొక్కెం పడింది. అతను లేవలేదు.

ముందు అలసిపోయి ఆగాడనుకున్నాను. తరువాత అతని చెయ్యి జారి నీళ్లలో వేలాడింది. ఆ పైన ఒళ్లంతా జారింది. నడిపేవాడు మోటారు గట్టిగా తిప్పాడు. నురుగులో మోటారు గిర్రున తిరిగింది గాని పడవ కదలలేదు. నావికుడు ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఇంకో చేత్తో ఏసుదాసు రక్షక కోటు పట్టీ పట్టుకుని వేలాడాడు. కెప్టెన్ ఓడను తిప్పమని అరుస్తున్నాడు. దగ్గరికి పోతే ఓడకే ప్రమాదం, పోకపోతే ముగ్గురూ పోతారు. నేను రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఈత రానివాణ్ణి. జేబులో డైరీ ఛాతీకి ఒత్తుకుంటోంది.

ప్రవాహం పడవను తెల్లటి నీళ్లలోంచి బయటికి తోసేదాకా నా గడియారం ప్రకారం పదకొండు నిమిషాలు పట్టింది. ఏసుదాసును పైకి లాగినప్పుడు పెదవులు నల్లగా ఉన్నాయి. ఆక్సిజన్ పెట్టారు. ఊపిరి ఉందా లేదా అని డాక్టరు చెవి ఆనించి వింటుంటే, ఓడలో అంతమందీ ఊపిరి బిగబట్టారు. చాలాసేపటికి దగ్గాడు.

మర్నాడు పొద్దున్నే చాయ్ పట్టుకుని అతని మంచం దగ్గరికి వెళ్లాను. వంటవాడితో నిలబడి పెట్టించాను, అల్లం దంచి వేయించాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఏంది సార్ గిది, ఉడుకు నీళ్ల లెక్కున్నది? అల్లం ఎయ్యమంటే పీనాసితనం జేసిండా ఏంది గా వంటాయన?"

గదంతా అల్లం వాసన. అతనికి అందలేదు. ఆ రోజు నుంచి ఇప్పటివరకు ఏ వాసనా అందలేదు.

నేను మాట్లాడని సభ

తీరానికి వచ్చాక విచారణ జరిగింది. పొడుగాటి బల్ల చుట్టూ తొమ్మిదిమందిమి కూర్చున్నాం. పెద్దాయన ఒక్కటే ప్రశ్న అడిగారు. పడవ దింపక ముందు ఎవరైనా ఏదైనా గమనించారా?

డైరీ నా జేబులోనే ఉంది. తీస్తే ఉద్యోగం ఏమవుతుందో, నలుగురూ ఏమంటారో, ఏసుదాసు నన్నెలా చూస్తాడో అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. ఈ లెక్క వేయడానికి రెండు క్షణాలు పట్టి ఉంటుంది. ఆ రెండు క్షణాల్లో మూర్తిగారు లేచి నిలబడ్డారు.

"పడవ దింపమన్నది నేను. ఇంకెవరికీ సంబంధం లేదు," అన్నారు.

ఆ తరువాత ఆయన్ని ఓడలకు పంపలేదు. నివేదికలో 'అకస్మాత్తుగా వెలువడిన గ్యాసు' అని రాశారు. అకస్మాత్తుగా జరిగినదానికి ఎవరూ నియమం పెట్టలేరు కదా. కాబట్టి జాబితాలో కొత్త వరుస చేరలేదు. మూర్తిగారు ఇప్పుడు లేరు. ఆయనకు కూడా నేను చెప్పలేదు.

మీరు ఎలాంటి అధికారి కింద పనిచేసినా సరే, ఒకటి గుర్తుపెట్టుకోండి. అధికారికి భయపడి చెప్పలేదని మనం అనుకుంటాం. చాలాసార్లు మనం భయపడేది, ముందు రోజు తప్పు చెప్పినవాడిగా మళ్లీ కనిపించడానికి.

సునీత తెచ్చిన కాగితం

రిటైరయ్యాక ఏసుదాసు నవాబుపేటలో కంది, మొక్కజొన్న వేసుకుంటున్నాడు. పనిమీద వికారాబాద్ వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చి కూర్చునేవాడు. అతని బిడ్డ సునీత ఇంజనీరింగు చదివి ఇలాంటి యంత్రాల పనిలోనే చేరింది. మొదటిసారి ఓడ ఎక్కబోతూ తండ్రితో కలిసి వచ్చింది. రగులుతున్న అగ్నిపర్వతం మీదే పని. యంత్రం తేలాక పట్టే పడవలో తనూ ఉంటానని గర్వంగా చెప్పింది. ఒక కాగితం నా చేతిలో పెట్టింది.

"పడవ దించే ముందు చూసే లిస్టు అంకుల్. ఏమన్న తక్కువున్నదా చూసి చెప్పండి. మా డాడీని అడిగితే కొక్కెం జాగ్రత్త అంటడు, అంతే."

పైనుంచి కిందికి చదివాను. రక్షక కోట్లు. వాకీటాకీ. కొక్కెం. గాలి. అల. కింది నుంచి పైకి మళ్లీ చదివాను. ఆ వరుస లేదు.

"బాగుంది," అన్నాను.

వాళ్లు వెళ్లిపోయాక భోజనం చేయలేకపోయాను. మూడు రోజులు డైరీలో ఒక్క అక్షరం రాయలేదు. నా జీవితంలో అలా ఖాళీగా ఉన్న పేజీలు అవి మూడే. కళ్లు మూసుకుంటే తెల్లబారిన నీళ్లు, పడవ అంచు మీద బోర్లా పడుకున్న మనిషి. ఈసారి జారిపడేది తండ్రి కాదు. నాలుగో రోజు పొద్దున పాత డైరీ సంచిలో వేసుకుని నవాబుపేట బస్సెక్కాను.

ఏసుదాసు భార్య మరియమ్మ గుమ్మంలోనే నవ్వుతూ ఎదురొచ్చింది.

"రాండ్రి సార్. మంచిగ జెప్పుండ్రి ఈయనకు. నిన్న పొయ్యి మీద పప్పు మాడి పక్కింటోళ్లు ఉరికొచ్చిండ్రు. ఈయన పొయ్యి ముంగటనే కూసోని ఫోన్ల ఆట సూస్తుండు!"

"నా ముక్కు అండమాన్ల వడ్డదే. నువ్వు వోయి ఎతుక్కో పో," అన్నాడు ఏసుదాసు.

లోపల కూర్చున్న సునీతతో సహా ముగ్గురూ నవ్వారు. నేను సంచిలోంచి డైరీ తీశాను. కూర్చోమన్నా కూర్చోలేదు. కుడి పేజీ తెరిచి, ఆ వాక్యాలు పైకి చదివాను. ఇది ఆ రోజు పడవ దింపక ముందు రాసుకున్నదని, ఎవరికీ చెప్పలేదని చెప్పాను.

మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సునీత లేచి నిలబడింది.

"అకస్మాత్తుగ అని రాసిండ్రు కదా అంకుల్ రిపోర్టుల? నేను చదివిన. మీకు ముందే తెల్సా? మొన్న లిస్టు చూసి బాగుంది అన్నరు కదా!"

"అన్నాను," అన్నాను.

"నాకు గూడ చెప్పకపోతుంటిరా?"

డైరీ ఆమె చేతికి ఇచ్చాను. ఏసుదాసు నేల వైపు చూస్తూ ఉన్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"గీత ఎంత పొడుగున్నది సార్?"

"దాదాపు పైదాకా."

"అయితే చేపలు కావు."

"కావు."

ఏసుదాసు గోడకు ఆనించిన కందికట్టె ఒకటి చేతిలోకి తీసుకుని, మెల్లగా విరుస్తూ అన్నాడు.

"చెప్తే నేను పోకపోతుంటినా? పోతుంటి. బర్రెను గట్ల ఇడిచివెట్టి వస్తనా. కాని వంగకపోతుంటి సార్. పొడుగు గడెకు కొక్కెం గట్టి దూరంకెళ్లి ఏస్తుంటి. గంతే ఫరక్."

నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆ భారం కూడా అతని మీద వేసినట్టవుతుందనిపించింది. సునీత డైరీ పేజీకి ఫోనుతో ఫోటో తీసుకుంది. చాయ్ తాగమని ఎవరూ అనలేదు. బస్సు దాకా ఎవరూ రాలేదు.

ఓడ ఎక్కే ముందు రోజు సునీత ఫోను చేసింది. గొంతు పొడిగా ఉంది.

"పడవ దించే ముందు ఎకో తెర వెనక్కి తిప్పి చూడాలని రాసిచ్చిన. మా లీడర్ ఎవరు చెప్పిండ్రని అడుగుతున్నడు. మీ పేరు, ఆ ఫోటో పెట్టాల్నా?"

నా పేరు కింద ఆ పేజీ ఉంటే, ఆ ఓడ మీదివాళ్లందరికీ, ఆ తరువాత వచ్చేవాళ్లందరికీ నేనెవరో తెలుస్తుంది. పెట్టమన్నాను.

ఆ తరువాత ఏసుదాసు మా ఇంటికి రాలేదు. నాలుగు వారాలు చూశాను. వికారాబాద్‌కు వచ్చి వెళుతున్నాడని వాళ్లూ వీళ్లూ చెప్పారు.

నిన్న పొద్దున అతని నుంచి ఫోను వచ్చింది. పలకరింపు లేదు.

"సార్, బిడ్డ మెసేజ్ వెట్టింది. గీ పొద్దు పడవ దింపుతరంట. తెర చూసిండ్రంట, ఏం లేదంట. మీకింకేమన్న తెల్సా? తెలిస్తే చెప్పుండ్రి."

నాకు తెలిసిందంతా ఒక్కొక్కటిగా చెప్పాను. తెర మీద ఏమీ లేకపోయినా గ్యాసు తరువాత రావచ్చని చెప్పాను. గాలి ఉంటే మంచిదని, నీళ్లు తెల్లబడితే వెనక్కి తిరగాలని, కంపు ఒక్కసారిగా ఆగిపోతే అది తగ్గినట్టు కాదని, ముక్కు పనిచేయడం మానేసినట్టని చెప్పాను. అవన్నీ ఇప్పుడే మెసేజ్ పెడతానన్నాడు. చెప్పేవి అయిపోయాయి. అతను ఫోను పెట్టేయలేదు.

"ఇంకేమన్న ఉన్నదా సార్?"

"నాకు భయమైతున్నది ఏసుదాస్."

"నాగ్గూడ," అన్నాడు.

సునీత నుంచి కబురు వచ్చేదాకా ఇద్దరం ఫోను అలాగే పట్టుకుని కూర్చున్నాం.